రెండో సంథ

పోయిన ఆదివారం ఓబులదేవరచెరువు నుంచి మా మేనకోడలు ఫోన్ చేసింది. కదిరిలో డిగ్రీ మొదటి సంవత్సరం. పొద్దున్నే బస్సెక్కితే మళ్లీ ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళవుతుంది. ఇంటర్ దాకా తెలుగులోనే చదువుకున్న పిల్ల.

“మామా, నాకొక వాయిస్ రికార్డర్ కావల్ల. సారు ఇంగ్లీషులో చెప్తాంటే సగం అర్థమయ్యేలోపల మిగతా సగం దాటిపోతాంది. రాసుకుంటాంటే వినలేను, వింటాంటే రాసుకోలేను. ఏది తీసుకోవల్లనో నువ్వే చెప్పు” అంది.

ఆ మాట నన్ను వారమంతా వదల్లేదు. 2021-22 విద్యా సంవత్సరం నుంచి మన ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ చదువు ఇంగ్లిష్ మీడియంలోకి మారింది. ఇంటర్ దాకా తెలుగులో చదివి, ఒక్క వేసవి దాటగానే ఇంగ్లిష్ పాఠం ముందు కూర్చున్న పిల్లలు ఓబులదేవరచెరువు, అమడగూరు, నల్లమాడ, గోరంట్ల పల్లెల్లో ఎందరో. వాళ్లు వెనకబడేది తెలివి చాలక కాదు. వినడానికి ఒక్క అవకాశమే దొరుకుతోంది కనుక.

మన పాత చదువులో ‘సంథ’ అనే పద్ధతి ఉంది. వేదం నేర్పే గురువు ఒకసారి పలికితే శిష్యుడు దాన్ని మళ్లీ మళ్లీ పలకాలి. ఒక్కసారికే పట్టేసేవాణ్ని ఏకసంథాగ్రాహి అన్నారు. అలాంటివాళ్లు అరుదు కాబట్టే దానికో పేరు పెట్టారు. మిగతావాళ్లకు రెండో సంథ, మూడో సంథ ఉండనే ఉన్నాయి. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మలాడించే కుటుంబాల విద్య కూడా తరతరాలుగా విని విని వచ్చిందే. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చినప్పుడు ఆ వినికిడి చదువుకూ గౌరవం దక్కిందని నాకనిపించింది. ఇప్పటి కాలేజీ పాఠానికి మాత్రం ఒక్కటే సంథ. గంట కొట్టారంటే అయిపోయినట్టే. మేనకోడలు అడిగింది ఆ రెండో సంథనే.

నేనూ ఒకప్పుడు దానికోసం తంటాలు పడ్డవాణ్నే. అనంతపురంలో డిగ్రీ చదివే రోజుల్లో బంధువులింటి నుంచి ఒక చిన్న క్యాసెట్ రికార్డర్ అడిగి తెచ్చుకున్నాను. ఫిలిప్స్ వాళ్లు 1963లో లోకానికి చూపించిన ఆ క్యాసెట్టే అప్పటికి మా అందరికీ తెలిసిన సాధనం. అరవై నిమిషాల టేపు పక్కకు ముప్పై నిమిషాలే తిరుగుతుంది. పాఠం నడుమ టక్కుమని ఆగిపోతే తిప్పి పెట్టుకోవాలి. సారు చూస్తే ఏమంటారో అని భయం. అందుకే వెనక బెంచీలో కూర్చుని, దాన్ని సంచిలో దాచి, పైన తువ్వాలు కప్పేవాణ్ని. నెల రోజుల తర్వాత పరీక్షల ముందు రాత్రి గదిలో కూర్చుని వింటే ఫ్యాను చప్పుడు, బెంచీలు జరిగిన చప్పుడు, పక్కవాళ్ల గుసగుసలు. వాటి వెనకెక్కడో బావిలోంచి వచ్చినట్టు సారు గొంతు. ఒక్క వాక్యమూ దక్కలేదు. ఆ రాత్రి పడిన దిగులు ఇప్పటికీ గుర్తుంది. చాలాకాలం తప్పు ఆ పెట్టెదే అనుకున్నాను. కాదు. తప్పు నేను దాన్ని పెట్టిన చోటుది.

ఎందుకో ఇప్పుడు చెప్పగలను. మాట్లాడే మనిషికి దూరం రెట్టింపయిన ప్రతిసారీ నేరుగా చేరే శబ్దం ఆరు డెసిబెల్స్ తగ్గుతుంది. సారుకు రెండు మీటర్ల దూరంలో ముందు బెంచీ, ఎనిమిది మీటర్ల దూరంలో వెనక బెంచీ ఉంటే, వెనక్కి చేరేసరికి గొంతు పన్నెండు డెసిబెల్స్ పడిపోతుంది. నెత్తిమీది ఫ్యాను చప్పుడు మాత్రం ఏ బెంచీలోనైనా అంతే. దానికితోడు ఉత్త గోడలకు తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వని హల్లులను చెరిపేస్తుంది.

మరి అదే వెనక బెంచీలో కూర్చున్న నాకు ఆరోజు పాఠం ఎలా వినిపించింది? కదిరి తేరు రోజు అంత జనం, అన్ని డప్పుల మధ్య కూడా మనల్ని పిలిచిన అమ్మ గొంతు మనకు తెలుస్తుంది. గుంపులో ఒక్క గొంతునే ఎలా పట్టుకుంటామన్నది 1953లో కోలిన్ చెర్రీ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ప్రయోగాలు చేసి రాశాడు. రెండు చెవులూ దిక్కు చెబుతాయి, మెదడు కావలసింది ఏరుకుంటుంది. మైకుకు ఆ ఏరుకునే గుణం లేదు. దానికి ఫ్యానూ సారూ ఒక్కటే.

కాబట్టి కొనేటప్పుడు డబ్బా మీద రాసిన జీబీలు చూసి మోసపోకూడదు. మా ప్రాంతంలో రైతు విత్తనం శెనక్కాయ కొనేటప్పుడు మూట మీది బొమ్మ చూడడు. తన చేనికి, తన వానకు ఏది నిలుస్తుందో చూస్తాడు. రికార్డర్‌నూ అలాగే తరగతి గదిని చూసి ఎంచుకోవాలి.

మొదట చూడాల్సింది అది స్టీరియోనా, మోనోనా అని. రెండు మైకులున్న స్టీరియో రికార్డింగును ఇయర్‌ఫోన్స్‌తో వింటే దిక్కు తెలుస్తుంది, చెవికి ఏరుకునే పని సులువవుతుంది. రెండోది, ఫ్యాను గుర్రును తగ్గించే లో-కట్ సదుపాయం. మూడోది, మైకు సున్నితత్వాన్ని మనమే తగ్గించుకునే వీలు. ఆటోమేటిక్‌గా వదిలేస్తే సారు బోర్డు వైపు తిరిగి ఊరుకున్నప్పుడల్లా యంత్రం చప్పుడును తనంతట పెంచేస్తుంది. ఫ్యాను హోరెత్తిపోతుంది. నాలుగోది, రికార్డు అవుతుండగానే గుర్తు పెట్టుకునే మీట. అర్థం కాని చోట ఒక్క నొక్కు నొక్కితే సాయంత్రం నేరుగా అక్కడికే పోవచ్చు. ఐదోది, గొంతు మారకుండా మాటను నెమ్మది చేసి వినిపించే వీలు. కొత్తగా ఇంగ్లిష్ పాఠం వింటున్న పిల్లలకు ఇదే అన్నిటికన్నా పెద్ద వరం.

మెమరీ గురించి ఎక్కువ దిగులు అక్కర్లేదు. 192 కేబీపీఎస్ ఎంపీ3లో గంట పాఠం దాదాపు 86 ఎంబీ. నాలుగు జీబీలో సుమారు నలభై గంటలు, అంటే రోజుకు మూడు నాలుగు పాఠాల లెక్కన రెండు వారాలు పడుతుంది. సీడీ నాణ్యత వేవ్ ఫైలుకైతే గంటకు 635 ఎంబీ. పాటకు కావాలి గానీ పాఠానికి అంత అవసరం లేదు.

బ్యాటరీ విషయంలో నాది గట్టి అభిప్రాయం. పల్లె నుంచి పోయి వచ్చే పిల్లలకు సెల్స్ మార్చుకునేదే నయం. సోనీ ఐసీడీ-పీఎక్స్470లో రెండు ట్రిపుల్-ఏ సెల్స్ వేస్తారు, స్టీరియో, నాలుగు జీబీ, కార్డు వేసే చోటు, కంప్యూటరుకు నేరుగా గుచ్చే యూఎస్‌బీ ఉంటాయి. ఆ సెల్స్ ఏ ఊరి అంగట్లోనైనా దొరుకుతాయి. అదే కంపెనీ యూఎక్స్570 ఇంకా సన్నగా, ముచ్చటగా ఉంటుంది. కానీ లోపలి బ్యాటరీ కొన్నేళ్లకు బలహీనపడితే మనం మార్చుకోలేం. జూమ్ హెచ్1ఎన్, టాస్కామ్ డీఆర్-05ఎక్స్ లాంటివి మంచి యంత్రాలే, అయితే సంగీతం రికార్డు చేసేవాళ్లను దృష్టిలో పెట్టుకుని చేసినవి.

ఫోన్ ఉండగా ఇది ఎందుకంటారా? ఫోన్‌తోనూ చేయొచ్చు. ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలి, లేకపోతే ఇంటినుంచి వచ్చే ఒక్క ఫోనుతో పాఠం తెగిపోవచ్చు. కొనేముందు ఒక వారం ఫోన్‌తోనే ప్రయత్నించమని నేను మేనకోడలికి చెప్పాను. వారం తర్వాత కూడా రోజూ వింటూంటేనే రికార్డర్ కొందామన్నాను. పెన్నులా, బొత్తాంలా కనిపించే దొంగ రికార్డర్లను మాత్రం తాకొద్దన్నాను.

అసలు విషయం అక్కడే ఉంది. దాచిన రికార్డర్ సంచిలో ఉంటుంది, వెనక ఉంటుంది. అందుకే దానికి పాఠం వినిపించదు. అనుమతి అడిగిన రికార్డర్ సారు బల్లమీద ఉంటుంది. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. సారును మర్యాదగా అడిగి, మడిచిన చేతిరుమాలు వేసి దానిమీద పెడితే బల్ల తట్టిన చప్పుడు కూడా అంటదు. వేలు పోసి కొన్న మైకు వెనక బెంచీ నుంచి చేయలేని పని, మామూలు మైకు ఆ బల్లమీద నుంచి చేస్తుంది. మర్యాదా, శబ్దశాస్త్రమూ ఒకే మాట చెబుతున్నాయి.

చట్టం కూడా అదే దారిలో ఉంది. 1957 కాపీరైట్ చట్టానికి 1994లో చేసిన సవరణ ప్రదర్శకులకు హక్కులిచ్చింది. ఆ జాబితాలో నటులు, గాయకులు, నర్తకులు, గారడీవాళ్లు, పాములాడించేవాళ్లతో పాటు ఉపన్యాసం ఇచ్చేవాళ్లూ ఉన్నారు. పాఠం చెప్పే గొంతు మీద ఆ గురువుకు హక్కుంది. సొంత చదువు కోసం రికార్డు చేసుకుంటే అది ఆ హక్కును ఉల్లంఘించినట్టు కాదని 39వ సెక్షన్ చెబుతోంది. కానీ దాన్ని ఆయనకు చెప్పకుండా వాట్సాప్ గ్రూపుల్లో తిప్పడం, యూట్యూబులో పెట్టడం వేరే సంగతి. నమ్మి బల్లమీద పెట్టుకోనిచ్చిన మనిషికి ద్రోహం చేయడమది.

రికార్డు చేసిన పాఠం ఏం చేయగలదో చూడాలంటే మచిలీపట్నం దగ్గర పల్లెలో పుట్టిన బొల్లా శ్రీకాంత్ జీవితం చూడండి. చూపు లేని ఆ అబ్బాయి ఇంటర్‌లో సైన్స్ చదవడానికి కోర్టుదాకా వెళ్లాల్సి వచ్చింది. అనుమతి వచ్చాక పాఠ్యపుస్తకాలు ఆయనకు చేరింది గొంతు రూపంలో. ఒక ఉపాధ్యాయురాలు పాఠాలను ఆడియోగా మార్చి ఇచ్చారు. ఆయన వాటిని విని చదివి, అమెరికాలో ఎంఐటీకి వెళ్లి, తిరిగొచ్చి 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టారు. అక్కడ యంత్రం ఖరీదు లెక్కలోకి రాలేదు. ఒక గురువు గొంతు ఇచ్చారు, ఒక విద్యార్థి కూర్చుని విన్నాడు.

కూర్చుని వినడమే కష్టమైన భాగం. రికార్డు చేశాం కదా అన్న ధీమాతో తరగతిలో నోట్సు మానేస్తే రెండూ పోతాయి. తరగతిలో ముఖ్యమైన మాటలు రాసుకోవాలి, అర్థం కాని చోట గుర్తు పెట్టుకోవాలి. ఆరోజు సాయంత్రమే ఆ గుర్తులున్న చోట్లు వినాలి. వారానికోసారి ఫైళ్లకు తేదీ, సబ్జెక్టు పేరు పెట్టి కంప్యూటరులోకి మార్చుకోవాలి. నలభై గంటలు కూడబెట్టి పరీక్షల ముందు విందామంటే ఎవరివల్లా కాదు. నా వల్ల కాలేదు.

మేనకోడలు నిన్న మళ్లీ ఫోన్ చేసింది. “సారును అడిగినా మామా. ‘నా బల్లమీదనే పెట్టుకోమ్మా’ అన్నాడు” అంది. ఆ గొంతులో సంతోషం వింటే, అనుకున్న వారం గడిచాక రికార్డర్ కొనివ్వాల్సే వస్తుందనిపించింది.

అధ్యాపకులకు ఒక విన్నపం. మీ తరగతిలో మొదటిసారి ఇంగ్లిష్‌లో పాఠం వింటున్న పిల్ల వణుకుతున్న చేత్తో చిన్న యంత్రం పట్టుకుని వచ్చి అడిగితే కాదనకండి. మీ బల్లమీద జానెడు చోటివ్వండి. ఆ సాయంత్రం ఏదో ఒక పల్లెలో మీ పాఠం రెండోసారి మొదలవుతుంది.