పీల్చు ఇన్సులిన్: సూచనపత్ర విమర్శ

సూది లేకుండ పీల్చదగిన ఇన్సులిన్ ‘అఫ్రెజా’ 2014లో అమెరికాలో ఆమోదము పొందినది. దాని సూచనపత్రములో, ఇతర మందులతో కలిగెడు చిక్కులను తెలుపు పట్టిక మెచ్చదగినది. స్టెరాయిడ్లవలె రక్తములో చక్కెరను పెంచునవి, ఆస్పిరిన్ జాతి మందులవలె మరింత తగ్గించునవి వేరువేరుగ చూపబడినవి.

లోపము చివరి వరుసలో నున్నది. రక్తపుపోటునకు వాడు బీటా నిరోధకములు, చక్కెర మితిమీరి పడిపోవునపుడు అడ్రినలిన్ పుట్టించు గుండెదడను, వణుకును మరుగుపరచును. తరచుగ రక్తపరీక్ష అవసరము కావచ్చునని మాత్రము చెప్పి పట్టిక విరమించినది. అప్పుడును చెమట పట్టుట అను గుర్తు సాధారణముగ మిగిలియుండును. రోగికి అక్కరకు వచ్చు ఆ మాట అచట చేరవలసియున్నది.

సూది పోయినంత మాత్రమున జాగ్రత్త పోరాదు. ఊపిరితిత్తుల గుండ పోయినను ఇన్సులిన్ ఇన్సులినే.