బోద పట్టిన గట్టు

చెన్నేకొత్తపల్లి దగ్గర బెంగళూరు హైవే దిగి, ముష్టికోవెల మీదుగా కల్పవల్లి గుట్టలెక్కండి. ఒకవైపు నడుమెత్తు బోదగడ్డి గాలికి వాలి లేస్తుంటుంది. ఇంకోవైపు గాలిమరలు మోసే లారీల కోసం కొండను కోసి వేసిన రోడ్డు, దాని కింద వానకు చీలికలు పడ్డ ఎర్రమట్టి. కొండ ఒకటే, వానా ఒకటే.

ఈ గుట్టలూ ఒకప్పుడు బోడివేనట. 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ చుట్టుపక్కల ఊళ్ళను కూడగట్టి వేల ఎకరాల బంజరును మళ్ళీ పచ్చగా చేసింది. చరిత్ర అంతటితో చాలు. నా మోజంతా ఆ పచ్చదనాన్ని తెచ్చిన చేతిపని మీదే.

ముందు వాలు మీద సమమట్టపు గీత పట్టాలి. మూడు కర్రలను ఇంగ్లీషు A అక్షరంలా కట్టి, పైకొస నుంచి దారానికి రాయి వేలాడదీస్తారు. ఒక కాలు నేలమీద కదలకుండా ఉంచి, దారం అడ్డకర్ర మీది గుర్తును తాకేదాకా రెండో కాలును వాలులో పైకీ కిందికీ జరుపుతారు. తాకిన చోట ఒక గుర్తు. ఆ గుర్తుల వెంటే కందకం. జానెడు తేడా వచ్చినా నీళ్ళన్నీ ఒక మూలకు చేరి కట్టను తెంపుకుపోతాయి. ఇంజనీరు పరికరం లేకుండా ఈ పని చేసే చేతులకు దండం పెట్టాలనిపిస్తుంది నాకు.

వంకల్లో వేసే రాతికట్టలైతే మరీ ముచ్చట. సిమెంటు ఉండదు. చివర్లను రెండు ఒడ్డుల్లోకీ దిగేస్తారు, నడుమ కాస్త పల్లంగా వదులుతారు. వరద ఆ పల్లంలోంచి దూకిపోతుంది, మట్టి వెనకాల ఆగుతుంది. ఆగిన మట్టిలో ఈత మొలుస్తుంది, ఆ ఈతాకే తర్వాత చీపురూ గంపా అవుతుంది.

ముంగారుకు ముందు కానుగ, తంగేడు, సీతాఫలం గింజలు చల్లుతారు. వేపగింజ రాలిన కొద్ది వారాలకే సత్తువ పోగొట్టుకుంటుంది, దాన్ని దాచి లాభం లేదు. బోదను మాత్రం ఎవరూ నాటనక్కర్లేదు. మందల్ని రెండు మూడేళ్ళు ఆపి, ఎండాకాలం అగ్గిని దూరం పెడితే అదే దుబ్బు కడుతుంది, దాని పీచువేళ్ళు పైమట్టిని పట్టుకుంటాయి. ఆ తర్వాతే చెట్టు. అగ్గి లేచిందంటే కాపలావాళ్ళు అర్ధరాత్రయినా పచ్చికొమ్మలు విరుచుకుని కొండెక్కుతారు. ఈ కళలో అసలు మేస్త్రీలు వాళ్ళే.

ఇక మన రోడ్ల గట్లు చూడండి! ఏటా వాన 550 మిల్లీమీటర్లు దాటితే గొప్పనుకునే ఈ సీమలో మొక్కల గుంతలు, గన్నేరు వరసలు, వాటికి ట్యాంకరు నీళ్ళు. ఫొటో దిగుతారు, ట్యాంకరు ఆగుతుంది, మొక్క మాడుతుంది. మరుసటి ఏడు అదే గుంతలో ఇంకో మొక్క. దీనికి పచ్చదనమని పేరు! కల్పవల్లిలోనేమో, ఏళ్ళ తరబడి కాపాడిన గడ్డిని గాలిమరల రోడ్లు చీల్చేస్తే ఊళ్ళవాళ్ళు హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్ళాల్సొచ్చింది. గాలికరెంటుకు నేను శత్రువును కాను. రోడ్డు కోసినవాళ్ళు దాని గట్టుకు నాలుగు రాతికట్టలు వేసిపోలేరా?

అయ్యా, రోడ్ల అధికారులూ! ప్రతి గట్టునూ పక్క ఊరికి మూడేళ్ళు అప్పజెప్పండి. కాపలా కూలి ఇవ్వండి, గడ్డి కోసుకునే హక్కు రాసివ్వండి. కందకం గీత ఎక్కడ పడాలో ముష్టికోవెల వాళ్ళను పిలిచి అడగండి.