చెట్టు కింద ఆగిన విల్లీస్

బొల్లాపల్లి, కారెంపూడి, వినుకొండ పల్లెల్లో అమెరికా బండి అంటే జీపే. ప్లిమత్‌లు, బ్యూక్‌లు మద్రాసులో సినిమావాళ్ల ఇళ్ల ముందు, హైదరాబాదులో నవాబుల దేవిడీల్లో వెలిగాయి. డొంకదారులు, వాగులు, రాళ్ల గుట్టలున్న పల్నాడులో ఆ కార్లకి పనేముంది? ఇక్కడ పనికొచ్చింది విల్లీస్. బి.డి.ఓ. గారి జీపు, ఫారెస్టు వాళ్ల జీపు, సాగర్ ఇంజినీర్ల జీపు, చివరికి జనాన్ని కుక్కి తండాలకి తిప్పిన సర్వీసు జీపు, అన్నీ ఆ వంశానివే. వాటిలో కొన్ని ఇంకా ఎక్కడో గడ్డివాము పక్కన, చింతచెట్టు కింద టైర్లు నేలకి దిగబడి ఉన్నాయి. తుక్కు వ్యాపారి కిలోల లెక్కన తూకం వెయ్యకముందే వాటిని గుర్తుపట్టేవాళ్లు కావాలి.

రెండో ప్రపంచయుద్ధంలో విల్లీస్-ఓవర్లాండ్, ఫోర్డ్ కలిసి 6 లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి. యుద్ధం ముగిశాక మిగిలినవి డిస్పోజల్ వేలాల్లో మామూలు జనం చేతికొచ్చాయి. 1949లో మహీంద్రా వాళ్లు బొంబాయి మజ్‌గావ్‌లో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టారు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేసేనాటికి ఈ బండి మన ప్రభుత్వాఫీసుల్లో స్థిరపడిపోయింది. మరోవైపు, 1928 నుంచి బొంబాయిలో షెవర్లేలు బిగించిన జనరల్ మోటార్స్ 1954లో మూటాముల్లె సర్దుకుంది. ఆ కార్లకి సామాన్లు దొరకడం అంతటితో కష్టమైంది. జీపు నమూనా మాత్రం దశాబ్దాలపాటు ఇక్కడే తయారవుతూ వచ్చింది. అందుకే ఇవాళ కూడా విజయవాడ ఆటోనగర్‌లో ఓపిగ్గా తిరిగితే విల్లీస్‌కి కావలసిన సామాను చాలావరకు సమకూరుతుంది. కొత్తగా పాత బండ్లు కొని బాగుచేసే దారిలోకి వచ్చేవాళ్లు షెవర్లే కలలు పక్కనబెట్టి జీపుతో మొదలుపెట్టడమే మంచిదని నేననేది ఇందుకే.

బండి దొరికితే ముందు అది ఏ కాలందో తేల్చుకోవాలి. ముందు జాలీలో నిలువు గాడులు లెక్కపెట్టండి. తొమ్మిది ఉండి, చిన్న హెడ్‌లైట్లు జాలీ లోపలికి ఉంటే యుద్ధకాలపుది కావచ్చు. ఏడు ఉండి, లైట్లు పెద్దవైతే యుద్ధం తర్వాతి పౌర జీపు. యుద్ధకాలపు బండికి వెనక తలుపు ఉండదు, పెట్రోలు పొయ్యాలంటే డ్రైవరు సీటు ఎత్తాలి, స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది. రేడియేటర్ కింద అడ్డంగా ఉన్న ఛాసిస్ కమ్మీ గుండ్రటి గొట్టమైతే విల్లీస్, తిరగేసిన దోనెలా ఉంటే ఫోర్డ్. ఫోర్డ్ తన బోల్టుల తలల మీద కూడా ‘ఎఫ్’ అక్షరం కొట్టింది. గుడ్డకి కాస్త కిరసనాయిలు అద్ది బోల్టు మీది మడ్డి తుడిస్తే ఆ అక్షరం బయటపడుతుంది. బానెట్ ఎత్తుగా, నుదురు పెద్దదిగా కనిపిస్తే అది సీజే-3బి అనే పౌర జీపు నమూనా. ఇన్‌టేక్ వాల్వులు పైన హెడ్‌లోకి రావడంతో ఇంజను ఎత్తు పెరిగి బానెట్‌ని కూడా పైకి లేపాల్సివచ్చింది.

‘తక్కువ తిరిగిన బండి’ అన్న మాటని మీటరు చూసి నమ్మకండి. లక్ష దాటితే అంకెలు మళ్లీ సున్నాకి వస్తాయి. కేబుల్ తెగితే అసలు కదలవు. క్లచ్, బ్రేకు పెడళ్ల రబ్బరు చూడండి. డ్రైవరు ఎక్కే చోట అంచు మీద రంగు అరిగి ఇనుము నున్నగా మెరుస్తోందేమో వేలితో తడమండి. ఇంకో సంగతి. తిరగకపోవడం ఒక్కటే గొప్ప కాదు. నిజాం మహబూబ్ అలీఖాన్ తెప్పించుకున్న రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ 1912లో తయారైంది. అది చేరేనాటికి ఆయన లేరు. నాలుగు వందల మైళ్లు కూడా తిరగలేదని చెప్పే ఆ బండిని ఏళ్ల తరబడి మూలపడ్డాక ఎంతో శ్రమపడి బాగుచేసి చౌమహల్లా ప్యాలెస్‌లో పెట్టారు. తిరగని బండికన్నా, ఎవరి చెయ్యీ పడని బండి మేలు.

చెయ్యి పడడం అంటే ఏమిటో చెప్తాను. పెట్రోలు ఖర్చు భరించలేక మనవాళ్లు ఎన్నో జీపుల్లో అసలు ఇంజను పీకేసి డీజిల్ ఇంజను వేయించారు. తీసిన ఇంజను తుక్కులోకి పోయింది. మీరు చూసే బండి పక్కనే పాకలో పాత ఇంజను పడి ఉందేమో తప్పకుండా అడగండి. ఉంటే దాన్ని కూడా బేరంలో కలపండి. మెరిసే రంగు కన్నా, పుట్టీ పెట్టని తుప్పు నయం. పల్నాడు ఎండలు, పొడిగాలి బాపట్ల ఉప్పుగాలి కన్నా రేకుని ఎక్కువ కాలం కాపాడతాయి. అయినా ఫ్లోరు కింద దూరి చూడాల్సిందే. యుద్ధకాలపు జీపుల్లో ఫ్లోరు కింది రేకు దోనెల్లో కొయ్య ముక్కలు పెట్టారు. అవి నీళ్లు పీల్చుకుని రేకుని లోపల్నుంచి తినేస్తాయి. స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. ఖంగుమంటే బాగున్నట్టు, మొద్దుగా పలికితే రేకు పోయినట్టు. కమాన్ కట్టలు ఛాసిస్‌కి బిగిసే చోట పగుళ్లు, వెల్డింగు మచ్చలు వెతకండి.

‘ఇప్పుడే స్టార్ట్ చేసి చూపిస్తాం’ అని ఇంకో బండి బ్యాటరీ తగిలించబోతే దయచేసి ఆపించండి. ఏళ్లుగా ఆగిన ఇంజనులో రింగులు సిలిండర్ గోడకి అతుక్కుని ఉంటాయి, ఎయిర్ క్లీనర్‌లో ఎలుకలు గూడు కట్టి ఉంటాయి. స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండర్‌లో కాస్త ఇంజన్ ఆయిల్ పోసి, ఒకట్రెండు రోజులు నాననివ్వాలి. తర్వాత ముందునుంచి హ్యాండిల్ పెట్టి చేత్తో మెల్లగా తిప్పాలి. కదిలిందా, సగం పని అయినట్టే. ట్యాంకులో జిగురైన పాత పెట్రోలు పారబోసి, బ్రేకు గొట్టాలు మార్చేదాకా బండిని రోడ్డెక్కించకూడదు. యుద్ధకాలపు జీపు 6 ఓల్టులది. 12 ఓల్టుల బ్యాటరీ తగిలిస్తే బల్బులు పోతాయి.

బేరం దగ్గర తొందర పనికిరాదు. ‘అది నాయన ఎక్కిన బండి, అమ్మం’ అన్న ఇంట్లో బండిమీద అభిమానం ఉంది కాబట్టే దానిమీద చెయ్యి పడలేదు. అలాంటి ఇంటికే మళ్లీ మళ్లీ వెళ్లాలి. అన్నదమ్ములందరూ ఊళ్లో ఉండే సంక్రాంతికి కూర్చుంటే మంచిది. ఎందుకంటే ఆర్సీ చాలాసార్లు పోయిన పెద్దాయన పేరుమీదే ఉంటుంది. ముందు ఫారం 31తో వారసుడి పేరుకి మార్పించి, ఆ తర్వాతే మీరు కొనాలి. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్ రుద్ది, ఆ ముద్రని ఆర్సీతో పోల్చుకునేదాకా బయానా ఇవ్వకండి.

మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు చెయ్యని సొంత వాడకపు బండ్లకి 2021 నుంచి కేంద్రం వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తోంది. నంబరులో ‘వీఏ’ అక్షరాలు ఉంటాయి, కొత్త రిజిస్ట్రేషన్‌కి రుసుము 20 వేల రూపాయలు, గడువు 10 ఏళ్లు. రోజూ తిప్పుకోడానికి మాత్రం వీల్లేదు.

మీ ఇంటి దొడ్లోనే అలాంటి జీపు ఉంటే ఒక్క మాట. అమ్మినా ఉంచుకున్నా, దాన్ని తూకానికి మాత్రం వెయ్యకండి. పాత ఆర్సీ పుస్తకం బీరువాలోనో ట్రంకుపెట్టెలోనో ఎక్కడుందో ఇవాళే వెతికి తీయండి.