ఎర్రచందనం చేవలోని పదార్థం, కాగితం మీద

శేషాచలం ఎర్రచందనం మాట వస్తే తిరుపతిలో దుంగలు, స్మగ్లర్లు, వేలంపాటల దగ్గరే కబుర్లు ఆగిపోతాయి. ఆ చెట్టు చేవలో టెరోస్టిల్బీన్ అనే పదార్థం ఉంది. దాన్ని ల్యాబులో తయారుచేసే దారుల్లో హార్నర్-వాడ్స్‌వర్త్-ఎమన్స్ చర్య ఒకటి. దాని పనితనం నాకు మహా ముచ్చట.

మొదట లెక్క చూద్దాం. ఒకవైపు పారా-హైడ్రాక్సీ బెంజాల్డిహైడ్, 7 కార్బన్లు. మరోవైపు ఫాస్ఫోనేట్: 3, 5 స్థానాల్లో మిథాక్సీలున్న బెంజీన్ వలయం, దానికో మిథిలీన్, దాని చివర రెండు ఇథాక్సీలు మోసే ఫాస్ఫరస్. ఇందులో 13 కార్బన్లున్నా, 4 ఫాస్ఫరస్‌తోనే వెళ్లిపోతాయి. మిగిలిన 9కి 7 కలిపితే 16. టెరోస్టిల్బీన్‌లో ఉన్నవీ సరిగ్గా 16.

ఇక చర్య. క్షారం మిథిలీన్ నుంచి ఒక ప్రోటాన్‌ను లాగేస్తుంది. రుణావేశం వచ్చిన ఆ కార్బన్ వెళ్లి ఆల్డిహైడ్ కార్బన్‌ను పట్టుకుంటుంది. అక్కడి ఆక్సిజన్ ఊరుకోదు, ఫాస్ఫరస్ మీదికి వంగుతుంది. ఫాస్ఫరస్‌కు ఆక్సిజన్ అంటే అంత మోజు! రెండూ జంటగా తప్పుకుంటాయి, వెనక ద్విబంధం మిగులుతుంది. వెళ్లిపోయిన ఫాస్ఫేట్ నీళ్లలో కరుగుతుంది కాబట్టి కడిగేస్తే సరి. విట్టిగ్ అసలు పద్ధతిలో మిగిలే ట్రైఫినైల్‌ఫాస్ఫీన్ ఆక్సైడ్ ఇంత సులువుగా వదలదు. విట్టిగ్‌కు 1979లో నోబెల్ వచ్చింది, కాదనను. ఈ పనికి మాత్రం నా ఓటు ఫాస్ఫోనేట్‌కే.

మరో కారణం కూడా ఉంది. ఇలాంటి చోట విట్టిగ్ చర్యలో సిస్, ట్రాన్స్ రూపాలు కలగలిసి వస్తాయి. ఫాస్ఫోనేట్‌తో ప్రధానంగా ట్రాన్స్ రూపమే. చెట్టులో ఉన్నదీ అదే. ఎన్‌ఎమ్‌ఆర్‌లో ద్విబంధం మీది రెండు హైడ్రోజన్ల మధ్య కప్లింగ్ 16 హెర్ట్జ్ దగ్గర కనిపిస్తే ట్రాన్స్ అని ధైర్యంగా రాసుకోవచ్చు. సిస్ అయితే 12 దగ్గరే ఆగుతుంది.

చిక్కంతా ఆల్డిహైడ్ మీది హైడ్రాక్సీతోనే. క్షారం ముందుగా దాని ప్రోటాన్‌నే ఎత్తుకుపోతుంది. అప్పుడు ఆల్డిహైడ్ మందగించి, వచ్చిన కార్బన్‌ను పట్టించుకోదు. అందుకే ఆ హైడ్రాక్సీని ముందు కప్పి, చర్య అయ్యాక విప్పుతారు. పరీక్షల్లో మార్కులు పోయేది ఇక్కడే.

ఎస్వీ యూనివర్సిటీలోనో, ఏర్పేడు ఐసర్‌లోనో ఆర్గానిక్ చదివే పిల్లలకు ఒక మాట: క్రియాజన్యం రాయమన్నప్పుడు బాణాలు గీయకముందే కార్బన్లు లెక్కపెట్టుకోండి, ఆ హైడ్రాక్సీ సంగతి చూసుకోండి.