చర్మము, శ్రుతి, మైకు

సభలో మృదంగము వాయించునపుడు జనసమ్మర్దమును, పక్కవాద్యముల నాదమును కలిసి మన లోపములు కొన్నింటిని కప్పిపుచ్చును; ఆకాశవాణి స్టూడియోలో, మూరెడు దూరమున నిలిచిన మైకు ముందట, ఆ మరుగు ఏదియు ఉండదు. కావున రికార్డింగునకు పూనుకొనువాడు మొదట చూచుకొనవలసినది చర్మమునే.

మందమైన చర్మము బహుకాలము మన్నును, గంభీరముగా పలుకును. పలుచని చర్మము వ్రేలు సోకినంతనే మ్రోగును గాని, గట్టి దెబ్బకు నాదము చెదరును. పురుషగాత్రమునకు సరిపడు తగ్గు శ్రుతి మృదంగమునకు మొదటిదియు, స్త్రీగాత్రమునకో వేణువునకో వాయించు హెచ్చు శ్రుతి మృదంగమునకు రెండవదియు నప్పునని నా అభిప్రాయము. క్రొత్త తోలుతో మాత్రము రికార్డింగునకు పోరాదు. కొన్ని వారములు సాధనలో చేతిక్రింద నలిగి, సాగవలసినంత సాగి కుదురుకొన్న చర్మమే శ్రుతిలో నిలుచును.

కుడి ముఖము నడుమ పొరలుపొరలుగా రుద్ది ఆరబెట్టిన నల్లని పూతయే ఈ వాద్యమునకు ప్రాణము. సామాన్య చర్మవాద్యమున పుట్టు అనుస్వరములకు మూలస్వరముతో పొందిక ఉండదు. ఆ పూత బరువు వలన మృదంగమున అవి తంత్రీవాద్యములందువలె క్రమబద్ధములగునని సి.వి.రామన్ తన సహచరునితో కలిసి 1920లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించెను. పూతలో పెచ్చు ఒకటి రాలినను ఆ పొందిక చెడును.

శ్రుతి చేయునపుడు అంచు జడ వెంట 16 చోట్లను చూపుడువ్రేలితో ఒక్కొక్కటిగా మీటి వినుచు, తగ్గినచోట పుల్ల ఆనించి రాతితో జడను క్రిందికిని, హెచ్చినచోట దిగువనుండి పైకిని మెల్లగా కొట్టుదును. ఒక చోటు సరియైన వెంటనే దాని కెదుటి చోటును వినక తప్పదు, ఏలయన ఒక వైపు బిగింపు రెండవ వైపును లాగును. తొందరపడినచో ఈ పని కుదరదు.

ఒకనాడు బెజవాడ ఎండలో ప్రయాణించి, ఇంటియొద్దనే శ్రుతి చేసికొన్న మృదంగమును శీతలీకరించిన స్టూడియోలో నేరుగా వాయించితిని. మొదటి కీర్తన ముగియకముందే ఆ పొడిగాలికి చర్మము బిగిసి శ్రుతి తంబురాను మీరెను. ఎడమ ముఖమైన తొప్పిపై తడి రవ్వముద్ద ఎండి, గుమ్కీ అను మంద్రనాదము పలుచబడెను. నాడు చక్కగా పాడిన గాయకురాలు, నా మూలమున, ఆ కీర్తనను మరల మొదటినుండి పాడవలసివచ్చెను. ఆ బాధ నన్నింకను వదలలేదు.

యువ వాదకులారా, రికార్డింగునకు గంట ముందే పోయి, మృదంగమును సంచిలోనుండి తీసి ఆ గదిగాలిలో ఊరక ఉంచుడు. పిమ్మట శ్రుతి చేయుడు, తొప్పికి రవ్వ చిట్టచివర పెట్టుడు. ఆ గంటను ఇంజనీరుగారిని అడుగుటకు మొగమాటపడకుడు.