బాలల సంక్షేమ నివేదికలు – సోషల్ వర్క్ విద్యలో భాషావివేచన

1936లో బొంబాయిలో క్లిఫర్డ్ మాన్‌షార్ట్ సంచాలకత్వంలో సర్ దొరాబ్జీ టాటా గ్రాడ్యుయేట్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్ ఆరంభం కావడంతో భారతదేశంలో వృత్తిపరమైన సోషల్ వర్క్ విద్యకు పునాది పడింది. తరగతి బోధనతో సమానంగా క్షేత్రశిక్షణకు స్థానం కల్పించడం ఈ విద్య విశిష్టత. అయితే క్షేత్రంలో విన్న మాటను విద్యార్థి ఏ పదాలతో నమోదు చేయాలన్న విషయం కూడా ఆ శిక్షణలో ప్రధానాంశం కావాలి. బాలల సంక్షేమరంగంలో దీని ప్రాధాన్యం మరీ ఎక్కువ.

2015 నాటి బాలల న్యాయచట్టం ప్రకారం, సంరక్షణ అవసరమైన బాలలను ప్రయాణకాలం మినహా 24 గంటలలో బాలల సంక్షేమ సమితి ఎదుట హాజరుపరచాలి. సామాజిక అధ్యయనం 15 రోజులలో పూర్తికావాలి. బిడ్డ ఇంటికి చేరడమా, సంరక్షణాలయంలో ఉండడమా అన్న నిర్ణయానికి ఆ నివేదిక ఒక ముఖ్యాధారం.

కర్నూలు ప్రాంతం నుండి మిరపకోతలకు గుంటూరు వైపు వలసవెళ్ళిన ఒక తల్లిని ఉదాహరణగా ఊహించవచ్చు. “పిల్లవాణ్ణి మా అమ్మకు అప్పజెప్పి వచ్చాను” అని ఆమె చెబుతుంది. ‘అప్పజెప్పడం’లో బాధ్యత, నమ్మకం, తిరిగివస్తానన్న సూచన ఉన్నాయి. నివేదికలో అది ‘వదిలివెళ్ళింది’గా మారితే ఆ మూడూ లుప్తమవుతాయి. చట్టంలో ‘పరిత్యక్త బాలలు’ అన్నది ప్రత్యేకవర్గం. విచారణానంతరం సమితి అలా ప్రకటిస్తే దత్తతకు మార్గం ఏర్పడుతుంది. విచారణ తప్పనిసరే అయినా, తొలి నివేదికలోని ఒక క్రియాపదం దాని దిశను మార్చగలదు.

చట్టాలు, పరిశోధనలు అధికంగా ఆంగ్లంలో ఉన్నందున పారిభాషిక పదాల అభ్యాసం అవసరమన్న వాదన సమంజసమే. కాని పరిభాష వక్త మాటను వివరించాలే తప్ప దాని స్థానాన్ని ఆక్రమించరాదు. బాలలకు సంబంధించిన ప్రక్రియలలో నిందార్థక పదాలు వాడరాదన్నది ఈ చట్టం పేర్కొన్న మౌలికసూత్రాలలో ఒకటి. కేవలం పేదరికం కారణంగా బిడ్డను కుటుంబం నుండి వేరుచేయరాదని 2009 నాటి ఐక్యరాజ్యసమితి మార్గదర్శకాలు చెబుతున్నాయి. కుటుంబానికి ఆర్థికసాయం అందించే స్పాన్సర్‌షిప్‌కు కూడా చట్టంలో చోటుంది. పేదరికాన్ని నిర్లక్ష్యంగా చిత్రించిన నివేదిక ఈ అవకాశాన్ని మరుగుపరుస్తుంది.

కనుక ఎం.ఎస్.డబ్ల్యూ. క్షేత్రశిక్షణలో విద్యార్థి ముందుగా బిడ్డ మాటను, కుటుంబం మాటను యథాతథంగా రాయాలి; ఆ పక్కన పారిభాషిక పదాన్ని, దాన్ని ఎంచుకున్న కారణాన్ని చూపాలి. కోయ, గోండి వంటి భాషలు మాట్లాడే బిడ్డల విషయంలో అనువాదకుని పాత్రను కూడా నమోదు చేయాలి. మూల్యాంకనంలో నివేదిక నిర్మాణంతోపాటు పదప్రయోగ ఔచిత్యాన్నీ పరిశీలించినప్పుడే ఈ విద్య బాలలకు న్యాయం చేయగలదు.