షహర్ ఎప్పుడు బస్తీ అయింది?

ఉర్దూలో మేం 'పురానా షహర్' అని రాస్తాం. తెలుగు పత్రికకు రాసేసరికి అదే చోటు 'పాతబస్తీ' అవుతుంది. రెండు భాషల్లోనూ వార్తలు రాసి బతికే మాకు ఈ తేడా రోజూ తగులుతూనే వుంటుంది. షహర్ అంటే నగరం. బస్తీ అంటే హైదరాబాద్ వాడుకలో పేదలుండే ఇరుకు వాడ. 1591లో పుట్టిన నగరాన్ని బస్తీ చేసేశాక, దాన్ని బాగుచెయ్యాల్సిన చోటుగా చూడటం ఎవరికైనా తేలికే. మెట్రో రైలు ప్రణాళికల భాషను ఈ మాట దగ్గర్నుంచే చదవాలి.

బేస్తవారిపేట, కంభం, గిద్దలూరు వైపు నుంచి కరువుకో కూలికో చదువుకో బస్సెక్కిన మాలాంటివాళ్లకు హైదరాబాద్ అంటే ముందు ఇమ్లీబన్ బస్టాండు. సొంతూళ్లో సాయిబులం, ఇక్కడ ఆంధ్రావాళ్లం. 2020 ఫిబ్రవరి 7న జేబీఎస్ నుంచి వచ్చిన మెట్రో కూడా ఆ బస్టాండు దగ్గరే ఆగిపోయింది. 2010 నాటి ఒప్పందం ప్రకారం అది ఫలక్‌నుమా దాకా పోవాలి. అయిదున్నర కిలోమీటర్లు మిగిలాయి. ఇరుకు దారులు, ప్రార్థనా స్థలాలు, ఆస్తుల చిక్కులు అని ప్రభుత్వాలన్నాయి. మార్గం మార్చమని మజ్లిస్ అడిగింది. ఈలోగా మిగతా నగరం రైలెక్కింది.

ఆ ఒప్పందంలో రైలు ఒక్కటే లేదు. మెట్రో భూముల్లో 1.85 కోట్ల చదరపు అడుగుల కట్టడాలకు ఎల్ అండ్ టి సంస్థకు హక్కు ఇచ్చారు. దీని వెనక వున్న ఆలోచన పేరు మిశ్రమ వినియోగం. స్టేషన్ చుట్టూ ఇల్లు, దుకాణం, పనిచోటు కలిసి వుండాలి, మనిషి నడిచొచ్చి రైలెక్కాలి. ఈ ఆలోచనతో మాకు పేచీ లేదు. అయితే పంజగుట్టలో, ఎర్రమంజిల్‌లో, హైటెక్ సిటీలో అది మాల్‌గా తేలింది. మాల్‌లో కొనేవాడికి చోటుంది. చిరిగిన బట్టకు రఫూ చేసేవాడికి ఏదీ?

అసలు మిశ్రమ వినియోగాన్ని మాకు కొత్తగా నేర్పాలా? శాలిబండలో, అలియాబాద్‌లో కింద మల్గీ, వెనక కార్ఖానా, పైన సంసారం. ఆడవాళ్లు ఇంట్లోనే కూర్చుని జర్దోజీ కుడతారు, లక్క గాజులకు రాళ్లు అతుకుతారు. బేస్తవారిపేటలోనూ ముందు కొట్టు, వెనక వంటిల్లు. 1908 మూసీ వరద తర్వాత, 1912లో నిజాం సర్కారు నగరాభివృద్ధి బోర్డు పెట్టింది. ఆ బోర్డే పత్తర్‌గట్టీలో దారి వెడల్పు చేసి రాతి కమాన్లు కట్టించింది. కింద దుకాణాలు, పైన ఇళ్లు. రోడ్డు పెరిగినా బజారు బతికింది. ఇవాళ్టి ప్రణాళికలు రాసేవాళ్లు చూడాల్సిన నమూనా వాళ్ల ఎదురుగానే వుంది.

2024 మార్చి 8న ఫలక్‌నుమాలో శంకుస్థాపన జరిగింది. తర్వాత ఆ గీతను చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్లకు పెంచారు. దారిలో సుమారు 1,100 ఆస్తులు. గజానికి 81 వేల రూపాయలు. 2025 జనవరిలో చెక్కులు పంచడం మొదలైంది. గజం లెక్క కాగితం వున్న యజమానికి సరిపోతుంది. తరాలుగా కిరాయికున్న మల్గీవాలాను, కార్ఖానాలో కూలీని, ఇంటిపట్టున కుట్టే ఆడమనిషిని ఏ గజంతో కొలుస్తారు? 2013 భూసేకరణ చట్టం భూమి లేకపోయినా కిరాయిదారుల్ని, చేతివృత్తులవాళ్లను, మూడేళ్లుగా అక్కడే పనిచేస్తున్నవాళ్లను, జీవనాధారం దెబ్బతింటే, బాధిత కుటుంబాలుగానే గుర్తించింది. చట్టం చూసిన మనిషి ప్రణాళికలో కనబడాలి గదా.

చార్మినార్‌ను తప్పించి గీత గీశారు. మసీదుల్ని, గుళ్లను, ఆషుర్‌ఖానాల్ని కాపాడతామన్నారు. మంచిదే. మా పెద్దలు కూడా వాటికోసమే ఎక్కువ గొంతెత్తారు. కానీ ముస్లిం అస్తిత్వమంటే మినారేనా? మమ్మల్ని మినార్లతో, బిర్యానీతో గుర్తుపట్టే బయటివాళ్లకూ, దర్గా గోడ నిలిస్తే చాలనుకునే మావాళ్లకూ ఆ గోడ నీడలో బతికే పనివాడు ఒకేలా కనబడకుండా పోతున్నాడు. మా గుర్తింపులో సగం మా చేతి పనిలోనే వుంది.

మెట్రో రావాలి. ఆలస్యంగానైనా రావాలి. శాలిబండ నుంచి హైటెక్ సిటీకి ఉద్యోగానికి పోయే మా పిల్లకు అది కావాలి. 2025 సెప్టెంబరులో ఎల్ అండ్ టి తప్పుకోవడానికి, మెట్రోను రాష్ట్ర ప్రభుత్వమే తీసుకోవడానికి అంగీకారం కుదిరింది. ఇకపైన స్టేషన్ల పక్కన ఏం కడతారన్నది కంపెనీ లెక్క అని ఎవరూ చేతులు దులుపుకోలేరు. కట్టే ప్రతి మల్గీలో మొదటి హక్కు ఆ దారిలో మల్గీ పోగొట్టుకున్నవాళ్లది కావాలి, కిరాయిదారుతో సహా. పైఅంతస్తుల్లో ఇళ్లుండాలి. ఇంట్లో చేసే పనిని పనిగా రాసుకోవాలి. ఆ జాబితాను ఉర్దూలోనూ తెలుగులోనూ వీధి గోడమీద అంటించాలి. అందులో తమ పేరుందో లేదో వాళ్లే చదువుకుంటారు.